1923 షెవ్రొలే రాగి రెక్కల కారు: తప్పు రాగిదా, గాలిదా, తొందరదా?

మీరు అడిగింది ఇది: "1923లో షెవ్రొలే కంపెనీ నీళ్లు, రేడియేటర్ లేకుండా రాగి రెక్కలతో చల్లబడే ఇంజిన్ పెట్టి కారు తీసింది, ఆరు నెలలు తిరక్కుండానే అన్నీ వెనక్కి తీసుకుంది. మన బైకులన్నీ గాలితోనే చల్లబడుతున్నాయి కదా, కారుకు ఎందుకు కుదరలేదు? దాన్ని చేసిన కెటరింగ్ అంతటివాడికి ఈ సంగతి ముందే తెలియలేదా?"

నేను చాలా ఏళ్లు గాలితో చల్లబడే డీజిల్ ఇంజిన్ల టెస్టింగ్‌లో పనిచేశాను కాబట్టి ఈ ప్రశ్న నాకు ఇష్టమైనది. ముందు పొట్టి జవాబు చెప్పేస్తాను. గాలితో కారు ఇంజిన్‌ని చల్లబరచవచ్చు, అందులో అనుమానం లేదు. రాగి వాడటం కూడా తెలివితక్కువ పని కాదు. పూర్తిగా పండని ఇంజిన్‌కి ముందే ఉత్పత్తి తేదీ కట్టేశారు. పైగా దాన్ని కనిపెట్టినవాళ్లు ఒక ఊళ్లో, తయారు చేయాల్సినవాళ్లు ఇంకో ఊళ్లో, అమలు చేయమని ఆర్డరు వేసినవాళ్లు మూడో చోట ఉన్నారు. ఇంజిన్‌లో నిజమైన లోపాలు ఉన్నాయి. వాటిని సరిచేసే టైమూ, బాధ్యతా మాత్రం ఎవరి చేతిలోనూ పూర్తిగా లేవు.

ఇక పొడుగు జవాబు.

అసలు నీళ్లు ఎందుకు వద్దనుకున్నారో ముందు చూడాలి. 1920 ప్రాంతంలో అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం కారు నడపడమంటే రోజూ ఒక టెన్షన్. రాత్రి రేడియేటర్‌లో నీళ్లు గడ్డకడితే బ్లాకే పగిలిపోయేది. ఆల్కహాల్ కలిపితే గడ్డకట్టదు కానీ, ఇంజిన్ వేడెక్కగానే అది ఆవిరైపోయేది, మళ్లీ పోయాలి. వేసవిలో ఎత్తు ఎక్కితే నీళ్లు మరిగేవి. రేడియేటర్, పంపు, గొట్టాలు, వాటి లీకులు, ఈ సామానంతా బరువు, ఖర్చు. రేడియేటర్ తీసేస్తే కారు తేలికవుతుంది, తేలికైతే చిన్న ఇంజిన్ చాలు, చిన్న ఇంజిన్ అయితే ధర తగ్గుతుంది. జనరల్ మోటార్స్ అనే పెద్ద గొడుగు కింద ఉన్న షెవ్రొలేకి అప్పట్లో ధర ప్రాణసమస్య. 1921లో అమెరికా మార్కెట్‌లో ఫోర్డ్ వాటా సుమారు 60 శాతం, షెవ్రొలేది 4 శాతం. ఫోర్డ్ చవక కారు మోడల్ టీతో ధరలో పోటీ పడి గెలిచే దారి లేదు. కాబట్టి ఫోర్డ్ దగ్గర లేని ఇంజినీరింగ్‌తో కొట్టాలి అన్నది పైవాళ్ల లెక్క.

ఆ ఇంజినీరింగ్ తెస్తానన్న మనిషి చార్లెస్ కెటరింగ్. 1912 క్యాడిలాక్‌లో ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టించింది ఆయనే. హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే రోజులకు ముగింపు పలికినవాడు. ఒహాయో రాష్ట్రం డేటన్‌లో ఆయన నడిపే పరిశోధనశాల 1920లో జనరల్ మోటార్స్ రీసెర్చ్ కార్పొరేషన్ అయింది. అదే ల్యాబులో థామస్ మిడ్‌గ్లే 1921 డిసెంబరులో నాకింగ్ (పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడటం) ఆపే సీసం మందు, అంటే టెట్రాఇథైల్ లెడ్, కనిపెట్టాడు. అంటే ఇంజిన్ లోపల మంట ఎలా అదుపు తప్పుతుందన్న విషయం ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తెలిసిన చోటే ఈ రాగి ఇంజిన్ కూడా పుట్టింది. ఆయనకు తెలియలేదా అన్న మీ అనుమానానికి ఈ సంగతి కొంత జవాబు.

ఇంజిన్ ఎలా ఉండేదంటే, నాలుగు సిలిండర్లు, సుమారు 135 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 2.2 లీటర్లు. అప్పటి మామూలు షెవ్రొలే ఇంజిన్ 171 క్యూబిక్ అంగుళాలు, అంటే 2.8 లీటర్లు. సిలిండర్లు పోత ఇనుమువి. వాటి చుట్టూ రాగి రేకును మడతలు మడతలుగా వంచి, కొలిమిలో వేడిచేసి ఇనుముకి అతికించారు. ముందు ఒక పెద్ద ఫ్యాన్. రేడియేటర్ ఉండాల్సిన చోట గాలి చీలికలున్న రేకు ముఖం.

ఇప్పుడు రాగి ఎందుకు అన్నది. ఇది కాస్త లెక్కల సంగతి, కానీ ఈ కథలో నాకు బాగా నచ్చే భాగం ఇదే, కాబట్టి తొందరపడను.

మరుగుతున్న సాంబారులో ఒక స్టీలు గరిటె, ఒక రాగి గరిటె వదిలేయండి. కాసేపటికి రాగి గరిటె కాడ చివర చుర్రుమంటుంది, స్టీలు కాడ చివర ఇంకా పట్టుకోగలిగేలా ఉంటుంది. చల్లబరిచే రెక్క విషయంలో మనకు కావాల్సింది చుర్రుమనే కాడే. రెక్క మొదలు దగ్గర వేడి ఉండి చివర చల్లగా ఉంటే, ఆ చివరి భాగం గాలికి వేడి ఇవ్వకుండా ఊరికే బరువుగా వేలాడుతున్నట్టు. వేడిని మోసే గుణంలో రాగి సుమారు 390, పోత ఇనుము సుమారు 50. దాదాపు ఎనిమిది రెట్లు తేడా.

ఎనిమిది రెట్లు అనగానే చాలామంది "అయితే ఇంజిన్ ఎనిమిది రెట్లు బాగా చల్లబడుతుంది" అనుకుంటారు. అలా కాదు. 0.8 మిల్లీమీటర్ల మందం, 35 మిల్లీమీటర్ల పొడవు ఉన్న రెక్క తీసుకుని, ఫ్యాన్ గాలికి సాధారణంగా వేసే అంకె వేసి లెక్క కట్టండి. రాగి రెక్క తన పూర్తి సామర్థ్యంలో సుమారు 87 శాతం పనిచేస్తుంది, అదే కొలతల ఇనప రెక్క సుమారు 50 శాతం. అంటే లాభం 1.7 రెట్లు. 20 మిల్లీమీటర్ల పొట్టి రెక్క అయితే 95కి 73, లాభం 1.3 రెట్లే. కారణం సులభం: వేడి దారిలో అసలు ఇరుకు లోహంలో లేదు, లోహం నుంచి గాలికి దాటే చోట ఉంది. రాగి ఆ ఇరుకుని తీయలేదు, దాని వెనక ఉన్న రోడ్డుని వెడల్పు చేసింది అంతే.

అయినా 1.7 రెట్లు తక్కువేం కాదు. పైగా రాగి అసలు లాభం ఇంకో చోట ఉంది. ఇనుముతో అంతే పని చేయాలంటే రెక్కను ఎనిమిది రెట్లు మందంగా, అంటే 6 మిల్లీమీటర్లు చేయాలి. అప్పుడు సిలిండర్ చుట్టూ పట్టే రెక్కల సంఖ్య పడిపోతుంది. పైగా అప్పట్లో పల్చటి ఇనప రెక్కలను దగ్గరదగ్గరగా పోతపోయడం ఫౌండ్రీలకు నరకం. రాగి రేకు అయితే ఎంత పల్చగా కావాలన్నా, ఎంత దగ్గరగా కావాలన్నా మడవొచ్చు. కెటరింగ్ చూసింది ఈ అవకాశాన్నే. కాగితం మీద ఇది మంచి ఆలోచన. నేను ఆ స్థానంలో ఉన్నా ప్రయత్నించేవాడిని.

తిరకాసంతా అతుకులో ఉంది. రాగి, ఇనుము రెండూ ఒకే రీతిలో వ్యాకోచించవు. ఒక్కో డిగ్రీకి రాగి తన పొడవులో పది లక్షలకు 17 వంతులు సాగితే ఇనుము 11 లేదా 12 వంతులే సాగుతుంది. 100 మిల్లీమీటర్ల ఎత్తు సిలిండర్ 150 డిగ్రీలు వేడెక్కితే ఆ రెండింటి సాగులో తేడా 0.08 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. చదవడానికి చిన్న అంకె. ఇంజిన్ ఆన్ చేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ ఆ తేడాను అతుకు భరించాలి. అతుకు ఎక్కడైనా ఊడి వెంట్రుకంత గాలి సందు ఏర్పడితే అక్కడ రాగి ఉన్నా లేనట్టే. బయటినుంచి చూస్తే రెక్క చక్కగా మెరుస్తూనే ఉంటుంది, సిలిండర్ గోడ మాత్రం ఆ మచ్చలో కాలిపోతూ ఉంటుంది. ల్యాబులో నిపుణుడు ఒక్కో సిలిండర్‌ని దగ్గరుండి అతికించడం వేరు, ఫ్యాక్టరీలో షిఫ్టుకి వందలు అతికించడం వేరు. ప్రొడక్షన్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఈ వాక్యం చదివి తల ఊపుతారు.

ఇక మీ బైకు ప్రశ్న. బైకులో మామూలుగా ఒకే సిలిండర్, అది బయట నిలబడి ఉంటుంది, నాలుగు వైపులా గాలి. బండి వేగంగా పోతే గాలి ఎక్కువ. కారులో నాలుగు సిలిండర్లు వరసగా, బానెట్ కింద, ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి. సిలిండర్ల మధ్య సందులో గాలి దూరాలంటే ఫ్యాన్ కావాలి, గాలిని దారి మళ్లించే రేకులు కావాలి. మన చేతక్ దగ్గర్నుంచి యాక్టివా దాకా స్కూటర్లలో ఇంజిన్ లోపల మూసుకుపోయి ఉంటుంది కాబట్టే, మాగ్నెట్ మీద ఒక ఫ్యాన్, చుట్టూ ఒక కౌల్ (గాలిని సిలిండర్ మీదికి మళ్లించే తొడుగు) పెడతారు. స్కూటర్ మెకానిక్ ఎవరైనా చెబుతాడు, ఆ కౌల్ విరిగిపోతే తీసేసి నడపొద్దని. ఫ్యాన్ తిరిగినా గాలి సిలిండర్‌కి తగలకుండా పక్కకి పోతుంది.

గాలి ఎంత కావాలో కూడా చూద్దాం. అప్పటి ఇంజిన్లలో చక్రాలకు వెళ్లే పవర్ ఎంతో, దాదాపు అంతే వేడి సిలిండర్ గోడల ద్వారా బయటికి పోవాలి. 20 హెచ్‌పీ అంటే 15 కిలోవాట్లు. గాలి 60 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుందనుకుంటే గంటకు సుమారు 750 ఘనమీటర్ల గాలి కావాలి. అదీ నాలుగు సిలిండర్లకూ సమానంగా, ప్రతి సిలిండర్ ముందూ వెనకా సమానంగా. ఒకే పరిమాణం నీళ్లు, గాలి తీసుకుంటే నీళ్లు మోసే వేడి సుమారు 3,500 రెట్లు ఎక్కువ. నీళ్లు బ్లాకులో ప్రతి మూలకీ తమంతట తామే పాకుతాయి, గాలి సులభమైన దారి వెతుక్కుని అటే పోతుంది. సిలిండర్ ఒక వైపు చల్లగా, ఇంకో వైపు వేడిగా ఉంటే బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. పిస్టన్ రింగులు గోడకు ఆనవు. కంప్రెషన్ లీకవుతుంది.

నీళ్లకు ఇంకో గొప్ప గుణం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నీళ్లు మరుగుతాయి. మరిగేటప్పుడు బోలెడు వేడి మింగుతాయి. పై లెక్కలోని 15 కిలోవాట్లకు, ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే రెండున్నర నిమిషాల వేడిని మింగినట్టు. అంటే నీళ్లున్న ఇంజిన్‌కి ఒక సీలింగ్ ఉంది. డ్రైవర్‌కి ఆవిరి కనబడుతుంది, బండి పక్కకి ఆపుతాడు. గాలి ఇంజిన్‌కి అలాంటి సీలింగ్ లేదు. లోడు పెరిగితే లోహం వేడి పెరుగుతూనే పోతుంది. బయట ఎండ పది డిగ్రీలు పెరిగితే ఆ పదీ నేరుగా లోహం మీదికి ఎక్కుతాయి. డ్రైవర్‌కి తెలిసేది పుల్లింగ్ పోయాకే.

రెక్కలతో ఇంకో చిక్కు. సిలిండర్ చుట్టూ రెక్కలు పెట్టడం తేలిక, కానీ ఇంజిన్‌లో అన్నిటికంటే వేడిగా ఉండేది అక్కడ కాదు, పైన హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ చుట్టూ. అక్కడ రెండు వాల్వులు, ప్లగ్గు, పోర్టులు, బోల్టులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, రెక్కకి చోటే దొరకదు. గాలి ఇంజిన్లు చేసినవాళ్ల కష్టం సగానికి పైగా ఇక్కడే. తర్వాత రోజుల్లో ఈ పని సులభం చేసింది అల్యూమినియం హెడ్. వేడిని ఇనుముకి మూడు రెట్లు మోస్తుంది, రెక్కలతో సహా ఒకే ముక్కగా పోత పోయొచ్చు, అతుకే ఉండదు.

ఇక మనుషుల కథకి వస్తాను. కథలో సగం ఇక్కడే ఉంది.

1920 చివర్లో జనరల్ మోటార్స్ దివాలా అంచుకు వెళ్లింది. స్థాపకుడు డ్యూరంట్ బయటికి పోయాడు, పియర్ డ్యుపాంట్ ప్రెసిడెంట్ అయ్యాడు. ఆయన కెమిస్ట్రీ చదివినవాడు, కొత్త సైన్స్ అంటే మోజు ఉన్నవాడు. డిసెంబరులోనే డేటన్ వెళ్లి కెటరింగ్ ఇంజిన్ చూసి వచ్చారు. 1921 మొదట్లోనే నిర్ణయం అయిపోయింది: నాలుగు సిలిండర్ల రాగి ఇంజిన్ షెవ్రొలేకి, ఆరు సిలిండర్లది కంపెనీలోని ఇంకో కార్ల డివిజన్ ఓక్‌లాండ్‌కి. గమనించండి, ఆ రెండు డివిజన్ల వాళ్లు మాకు ఇది కావాలని అడగలేదు. షెవ్రొలే మేనేజర్ జిమ్మర్‌షీడ్ అయితే తన నీళ్ల ఇంజిన్‌ని బాగుచేసుకుందామని చూస్తున్నాడు. పైనుంచి "ఇదే మీ భవిష్యత్తు" అని దిగింది.

ముందు ఓక్‌లాండ్ వంతు. 1921 చివర్లో డేటన్ నుంచి టెస్ట్ కారు మిషిగన్‌లోని ఓక్‌లాండ్ ఫ్యాక్టరీకి వెళ్లింది. వాళ్లు నడిపి చూశారు. నవంబరు 8న మేనేజర్ జార్జ్ హానమ్ పైకి ఉత్తరం రాశాడు. సారాంశం ఏమిటంటే, ఇది ఉత్పత్తికి సిద్ధంగా లేదు, మార్పులు చాలా కావాలి, కనీసం ఆరు నెలలు పడుతుంది. డేటన్‌లో బాగా నడిచిన కారు ఇక్కడ ఎందుకు నడవదని కెటరింగ్‌కి కోపం, బాధ. డివిజన్ల వాళ్లకు మనసు లేదు, అందుకే కావాలని వంకలు పెడుతున్నారు అన్నది ఆయన నమ్మకం. పైవాళ్లు ఏం చేశారు? నవంబరు 30న కెటరింగ్‌కి "మీ మీదా మీ ఇంజిన్ మీదా మాకు పూర్తి నమ్మకం ఉంది" అన్న ధోరణిలో ఉత్తరం రాశారు.

నాకు ఈ చోటే అసలు తప్పు కనిపిస్తుంది. ఒక ఊళ్లో పాస్ అయిన ఇంజిన్ ఇంకో ఊళ్లో ఫెయిల్ అయితే అడగాల్సిన ప్రశ్న ఒకటే: రెండు చోట్లా ఏ టెస్ట్ చేశారు, ఏ లోడులో, ఎంతసేపు, బయట వేడి ఎంత? నమ్మకం ఉత్తరాలతో సిలిండర్ హెడ్ చల్లబడదు. రెండు పక్షాలనూ ఒకే టెస్ట్ బెడ్ ముందు కూర్చోబెట్టి థర్మోకపుల్ (లోహం వేడి కొలిచే తీగ) రీడింగులు చూపించే అధికారం ఉన్న మూడో మనిషి ఆ కంపెనీలో అప్పుడు లేడు.

తర్వాత జరిగింది త్వరగా చెబుతాను. 1922 మార్చిలో జిమ్మర్‌షీడ్‌ని పక్కకు తప్పించారు. డ్యుపాంట్ తానే షెవ్రొలే మేనేజర్ పదవి కూడా తీసుకున్నాడు. ఫోర్డ్ నుంచి వచ్చిన విలియం నుడ్సెన్‌కి ఉత్పత్తి బాధ్యత ఇచ్చారు. నుడ్సెన్ డేటన్ వెళ్లి చూసి, ముందు తక్కువ సంఖ్యలో చేద్దాం, రోడ్డు మీదా మార్కెట్‌లోనూ పరీక్షిద్దాం అన్నాడు. షాపు ఫ్లోర్ తెలిసినవాడి మాట. పక్కన కంపెనీ వైస్ ప్రెసిడెంట్ ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఇంకో జాగ్రత్త తీసుకున్నాడు. రాగి కారు ఎటు పోయినా, మామూలు నీళ్ల ఇంజిన్ షెవ్రొలే పని ఆగకుండా చూశాడు. నవంబరు 1922కి వచ్చేసరికి రాజీ కుదిరింది: షెవ్రొలే నెమ్మదిగా వెళ్లాలి, ఓక్‌లాండ్‌కి వద్దు, ఇంకో డివిజన్ ఓల్డ్స్‌మొబీల్ మాత్రం 1923 ఆగస్టు 1 నుంచి పూర్తిగా ఆరు సిలిండర్ల గాలి ఇంజిన్‌కి మారాలి. ఇందులో చివరి ముక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంకా రోడ్డు మీద నిలబడని ఇంజిన్ మీద ఒక డివిజన్ మొత్తాన్ని తాకట్టు పెట్టడం ఏమిటి?

1923 జనవరిలో న్యూయార్క్ ఆటో షోలో రాగి రెక్కల షెవ్రొలేని చూపించారు. జనం మూగారు. షోలో కారు కదలదు కదా, వేడెక్కదు.

ఫ్యాక్టరీలో మొత్తం 759 తయారయ్యాయి. అందులో 239 కార్లను ప్రొడక్షన్ వాళ్లే తుక్కు కింద కొట్టేశారు, అంటే ప్రతి మూడింటిలో దాదాపు ఒకటి గేటు దాటలేదు. ఈ ఒక్క అంకె చాలు, తయారీ అదుపులోకి రాలేదని చెప్పడానికి. మిగిలిన 500 పైచిలుకు కార్లు సేల్స్ చేతికి వెళ్లాయి, వాటిలో 150 దాకా కంపెనీ మనుషులే వాడారు, 300 పైగా డీలర్లకు చేరాయి. డీలర్లు సుమారు 100 మాత్రమే కొనుగోలుదారులకు అమ్మారు. 1923 జూన్‌లో అన్నిటినీ వెనక్కి రప్పించాలని నిర్ణయించారు. అదే ఏడాది నీళ్ల ఇంజిన్ షెవ్రొలేలు సుమారు 4.8 లక్షలు అమ్ముడయ్యాయి. స్లోన్ జాగ్రత్త లేకపోతే షెవ్రొలే అన్న పేరు మనకు మిగిలేది కాదేమో.

ఇంజిన్ రోగం ఏమిటో ఖచ్చితంగా చెప్పే కాగితం ఒకటి ఉంది, ఆరు సిలిండర్ల ఇంజిన్ మీద 1923 మే నెలలో కంపెనీ ఇంజినీర్ల కమిటీ ఇచ్చిన రిపోర్టు. మధ్యస్థం వేగంలో కాసేపు నడిపితే చాలు, ప్రీ-ఇగ్నిషన్ బాగా వస్తోంది అన్నారు. వేడెక్కాక కంప్రెషన్, పవర్ రెండూ బాగా పడిపోతున్నాయి, చల్లగా స్టార్ట్ చేసి వేడెక్కుతున్నంతసేపు మాత్రం పవర్ బాగానే ఉంది అన్నారు. అప్పుడు బయట వేడి ఎంతో తెలుసా? 60 నుంచి 70 ఫారన్‌హీట్, అంటే 15 నుంచి 21 డిగ్రీల సెల్సియస్. ఆదిలాబాద్‌లో జనవరి పొద్దున ఉండే చలి. ఆ చలిలోనే అలా ఉంటే టెక్సాస్ జులైలో సంగతి మీరే ఊహించుకోండి. విజయవాడ మే నెల మాట ఇక ఎత్తొద్దు.

నేను పైన చెప్పిన లెక్కలు ఈ మూడు లక్షణాలతో ఎలా కలుస్తాయో చూడండి. ప్రీ-ఇగ్నిషన్ అంటే స్పార్క్ రాకముందే లోపల ఎర్రగా కాలిన ఏదో ఒక చోటు, ఎగ్జాస్ట్ వాల్వో, ప్లగ్ మొనో, అతుక్కున్న కార్బనో, మిశ్రమాన్ని అంటించేయడం. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట కిందికి తోస్తుంది. దాంతో వేడి ఇంకా పెరుగుతుంది, ఆ చోటు ఇంకా ఎర్రబడుతుంది. తనంతట తాను పెరిగే జబ్బు, యాక్సిలేటర్ వదిలితే తప్ప ఆగదు. కంప్రెషన్ పోవడం బోరు వంకరకీ, వాల్వు సీటు వంకరకీ గుర్తు. పవర్ పడిపోవడానికి ఇంకో కారణం కూడా కలుస్తుంది. వేడి హెడ్ లోపలికి వచ్చే గాలిని ముందే వేడిచేసి పల్చన చేస్తుంది, సిలిండర్‌లో నిండే సరుకే తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండటం మరీ ముఖ్యమైన ఆధారం. ఇంజిన్ డిజైన్‌లో శ్వాస, స్పార్క్ బాగానే ఉన్నాయి, వేడి బయటికి పోయే దారి ఒక్కటే చాలడం లేదని అది చెబుతోంది.

ఇంకో విషయం. డేటన్‌లో బాగుందని కెటరింగ్ అన్నమాట అబద్ధం అనుకోనక్కర్లేదు. వేడెక్కుతున్నంతసేపు పవర్ బాగుండే ఇంజిన్‌ని చిన్న డ్రైవ్‌కి తీసుకెళ్తే ఎవరికైనా నచ్చుతుంది. ల్యాబు కారుకి అతుకులు కూడా బాగా పడి ఉంటాయి. గంటసేపు ఫుల్ లోడులో ఉంచితేనే అసలు రంగు బయటపడుతుంది. మా టెస్టింగ్‌లో పాతవాళ్ల మాట ఒకటి ఉండేది: రీడింగ్ నిలబడేదాకా టీ తాగడానికి కూడా వెళ్లొద్దు. ఉష్ణోగ్రత ఇంకా పెరుగుతూ ఉండగా తీసుకున్న అంకెకి విలువ లేదు.

మే 10న స్లోన్ ప్రెసిడెంట్ అయ్యాడు, వచ్చే నెలలోనే ప్రోగ్రాం ఆపించాడు. ఓల్డ్స్‌మొబీల్‌కి కూడా గాలి ఇంజిన్ రద్దు. జూన్ 30న కెటరింగ్ రాజీనామా చేస్తానని ఉత్తరం రాశాడు. తన పనిని ఇక్కడ నిజంగా వాడుకునే దారి లేకపోతే వెళ్లిపోతానని. స్లోన్ వదులుకోలేదు. డేటన్‌లోనే కెటరింగ్ కింద విడిగా ఒక చిన్న ఏర్పాటు చేసి, రాగి కారుని ఆయన పద్ధతిలోనే తీర్చిదిద్దమన్నాడు. కెటరింగ్ పరువు నిలిచింది, షెవ్రొలే ఊపిరి పీల్చుకుంది. ఆ ఏర్పాటు నుంచి కారు ఏదీ మార్కెట్‌కి రాలేదు, మెల్లగా చల్లారిపోయింది. కంపెనీకి మిగిలిన లాభం ఇంకో రూపంలో వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో స్లోన్ జనరల్ టెక్నికల్ కమిటీ పెట్టాడు, రీసెర్చ్ వాళ్లూ డివిజన్ల ఇంజినీర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చునేలా. నేను పైన లేడన్న మూడో మనిషి ఇదన్నమాట, రెండేళ్లు ఆలస్యంగా.

కెటరింగ్ 1947 దాకా జనరల్ మోటార్స్ రీసెర్చ్‌కి అధిపతిగానే ఉన్నాడు. కాబట్టి ఈ కారు ఆయన్ను ముంచేసింది అని కొన్ని చోట్ల రాసేది నమ్మకండి. న్యూయార్క్‌లో ఉన్న మన డాక్టర్లకు స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ హాస్పిటల్ పేరు బాగా తెలుసు. 1945లో పెట్టిన స్లోన్-కెటరింగ్ ఇన్‌స్టిట్యూట్ పేరులో ఉన్నది ఈ ఇద్దరే.

గాలి కార్లు అసలు కుదరవా అంటే, అదే అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లో ఫ్రాంక్లిన్ కంపెనీ 1902 నుంచి 1934 దాకా గాలి ఇంజిన్ కార్లే చేసి అమ్మింది. వాళ్లవి ధర ఎక్కువ, సంఖ్య తక్కువ, ఏళ్లతరబడి ఒకే సమస్య మీద కూర్చున్న మనుషులు. షెవ్రొలేకి కావాల్సింది లక్షల్లో, చవకగా, రెండేళ్లలో. తర్వాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లక్షలేమిటి, కోట్లలోనే చేసి చూపించింది, వెనకవైపు ఇంజిన్, ఎదురెదురు సిలిండర్లు, చుట్టూ గట్టి ఫ్యాన్ కౌల్‌తో. షెవ్రొలే కూడా 1960లో కోర్వేర్ పేరుతో గాలి ఇంజిన్‌కి మళ్లీ వచ్చింది, ఈసారి ఆరు సిలిండర్లు, అల్యూమినియం హెడ్‌లతో. కోర్వేర్‌కి వచ్చిన చెడ్డపేరు సస్పెన్షన్ గురించి, చల్లబడటం గురించి కాదు.

రాగి కార్లలో ఇప్పుడు మిగిలినవి రెండు. ఒకటి నెవాడా రాష్ట్రం రీనోలోని నేషనల్ ఆటోమొబైల్ మ్యూజియంలో, ఇంకొకటి డియర్‌బార్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం సేకరణలో. డిట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, మీలో ఎవరికైనా చూసే వీలు దొరికితే సిలిండర్ల మీద రాగి ఇనుముని కలిసే అంచుని జాగ్రత్తగా చూడండి. ఫొటో తీస్తే ఇక్కడ పెట్టండి.

ఇక మిగిలిన ప్రశ్న, ఇప్పుడు ఎవరైనా రాగి రెక్కల ఇంజిన్ చేయొచ్చా అన్నది. చేయొచ్చు, కానీ చేయరు. మంచి అల్యూమినియం పోతలు, ఆయిల్ కూలర్లు ఉండగా రాగి బరువు, ఖరీదు ఎవరూ భరించరు. చిన్న బైకులకు గాలి చాలు, పెద్ద బైకులు ఇప్పటికే ఆయిల్ మీదికీ, నీళ్ల మీదికీ వెళ్లిపోయాయి, పొల్యూషన్ రూల్సు కూడా అటే తోస్తున్నాయి, ఎందుకంటే హెడ్ వేడి అదుపులో లేకపోతే మంటా అదుపులో ఉండదు. రాగీ రెక్కలూ కలిసి ఇప్పుడు బతుకుతున్నది మీ డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో. ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ తెరిచి చూడండి, కింద రాగి దిమ్మ, రాగి గొట్టాలు, పైన పల్చటి అల్యూమినియం రెక్కలు, పక్కన ఫ్యాన్. అక్కడ కూడా చవక కూలర్‌కీ మంచి కూలర్‌కీ తేడా తెచ్చే వాటిలో ఒకటి రెక్కలు గొట్టాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాయన్నది. ఒత్తి బిగించినవి వదులయ్యే అవకాశం ఎక్కువ, సోల్డర్ చేసినవి గట్టిగా నిలబడతాయి.